పక్క సీటు బరువు

క్లబ్ వాట్సాప్ గ్రూపులో "ఈ సంచికకి ఎవరు ఏం రాస్తున్నారు?" అని అడిగితే నేను "స్ప్రింగ్ గురించి" అని పెట్టాను. ఎడిటర్ అక్క వెంటనే హార్ట్ కొట్టి "వసంతం మీద కవితా? సూపర్ రా" అంది. కాదక్కా, కారు వెనక చక్రాల దగ్గర ఉండే స్ప్రింగు. పైగా కవిత కాదు, ఒక తప్పు గురించి. ఆ తప్పు నాది.

ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఫిజిక్స్ అంతా నా బుర్రలో ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే కొంచెం తడబడతాను. ఓపిక పట్టండి.

మా బాబాయ్ అమెరికాలో, డెట్రాయిట్ దగ్గర ఉంటాడు. నాలుగేళ్ళ క్రితం ఒక పాత ఎంజీబీ కొన్నాడు. రెండే సీట్లు, పైకప్పు మడిచేసుకునే చిన్న బ్రిటిష్ కారు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో వీటిని ఐదు లక్షలకు పైగా తయారుచేశారు. అందులో చాలా భాగం అమెరికాకే వెళ్ళాయి. 1974 తర్వాత వచ్చినవాటికి అక్కడి రూల్స్ కోసం నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, కారు ఎత్తు కూడా పెంచేశారు. బాబాయ్‌ది దానికి ముందుది, మెరిసే క్రోమ్ బంపర్లది. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఐదు నెలలు దాన్ని గరాజ్‌లోంచి బయటికి తియ్యడు. పిన్ని దాన్ని "మీ బాబాయ్ రెండో సంసారం" అంటుంది.

ఆ కారుకి వెనకవైపు ఉండేవి మన లారీల కింద కనిపించే కమాను పట్టీల్లాంటివే, కాకపోతే చిన్నవి. బాబాయ్ కారులో అవి వంగి కూలబడిపోయాయి. పక్కనున్న పాతకాలం లీవర్ డ్యాంపర్లు ఆయిల్ కారుతున్నాయి. ఆ రెండింటినీ తీసేసి కాయిల్‌ఓవర్ కిట్ వేద్దామని బాబాయ్ ప్లాన్. అంటే డ్యాంపర్ చుట్టూ కాయిల్ స్ప్రింగు వచ్చి, రెండూ కలిసి ఒకే ముక్కలా ఉంటాయి. కిట్ కొన్నాడు. స్ప్రింగులు మాత్రం విడిగా ఎంచుకోవాలి. 100, 125, 150 అని ఉంటాయి. ఆ అంకెనే రేటు అంటారు. స్ప్రింగుని ఒక అంగుళం నొక్కడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో అది.

"ఒరేయ్, నువ్వు కంప్యూటర్ సైన్స్ కదా, ఏది వెయ్యాలో లెక్క కట్టి చెప్పు" అన్నాడు ఫోన్లో.

కంప్యూటర్ సైన్స్‌కీ స్ప్రింగుకీ ఏంటి సంబంధం అని నేను అడగలేదు. మన మీద పెద్దవాళ్ళకి నమ్మకం కుదిరితే దాన్ని పాడుచెయ్యబుద్ధి కాదు. పైగా సెకండ్ సెమిస్టర్ సెలవులు. రెండు వారాలు అదే పనిలో కూర్చున్నాను.

ముందు అర్థమైంది ఏమిటంటే, "గట్టి స్ప్రింగు మంచిదా, మెత్తటిది మంచిదా" అనే ప్రశ్నే తప్పు. స్ప్రింగు మీద ఎంత బరువుంది అన్నది తెలియకుండా గట్టి, మెత్తన అనే మాటలకి అర్థం లేదు. అందుకే ఇంజనీర్లు ఫ్రీక్వెన్సీలో మాట్లాడతారు. కారుని ఒక్కసారి కిందికి నొక్కి వదిలితే సెకనుకి ఎన్నిసార్లు ఊగాలనుకుంటుందో ఆ సంఖ్య. హాయిగా నడిచే కార్లకి ఇది 1 హెర్ట్జ్ కన్నా కాస్త ఎక్కువ. స్పోర్ట్స్ కార్లకి ఒకటిన్నర, ఆపైన. ఇది రేటుని బరువుతో భాగించి, దాని వర్గమూలంతో మారుతుంది. అంటే స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిదైతే ఊగడం రెండు రెట్లే వేగమవుతుంది.

ఇంకో విషయం. వెనక ఫ్రీక్వెన్సీ ముందుదానికన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. 1930ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఆలీ అనే ఇంజనీర్ దీన్ని బాగా పరిశీలించాడు. గతుకు ముందు చక్రాలకి తగిలాకే వెనక చక్రాలకి తగులుతుంది. ఎంజీబీలో చక్రాల మధ్య దూరం 91 అంగుళాలు, గంటకి 80 కిలోమీటర్ల వేగంలో ఆ తేడా సెకనులో పదో వంతు. ఆలస్యంగా మొదలైన వెనకభాగం కాస్త వేగంగా ఊగితే ముందుభాగాన్ని అందుకుంటుంది. రెండూ కలిసి ఊగి, కలిసి ఆగుతాయి. లేకపోతే ముందు లేస్తే వెనక మునుగుతూ, కారు పడవలా అవుతుంది.

బాబాయ్ తన ఫ్రెండ్ దగ్గర చక్రాల కింద పెట్టే త్రాసులు తెచ్చాడు. తను డ్రైవర్ సీట్లో కూర్చుని తూచితే వెనక ఒక్కో చక్రం మీద సగటున 225 కిలోలు. అందులో ఇరుసు, చక్రం, బ్రేకు బరువు స్ప్రింగు మొయ్యదు. అది పక్కకి సుమారు 50 కిలోలు. మిగిలింది 175. ముందువైపు లెక్క 1.35 హెర్ట్జ్ వచ్చింది కాబట్టి వెనక 1.4 చాలు అనుకున్నాను. దానికి చక్రం దగ్గర అంగుళానికి 77 పౌండ్లు కావాలి. కాయిల్‌ఓవర్ నిటారుగా ఉండదు, 25 డిగ్రీలు వాలి ఉంటుంది. చక్రం ఒక అంగుళం లేస్తే స్ప్రింగు నొక్కుకునేది 0.9 అంగుళమే. ఆ స్ప్రింగు తిరిగి నెట్టే బలంలో కూడా 0.9 వంతే నిలువుగా పనిచేస్తుంది. అంటే రెండుసార్లు తగ్గుతుంది. మొత్తం 0.82. 77ని 0.82తో భాగిస్తే 94. దొరికేది 100.

"100 తీసుకో బాబాయ్" అన్నాను. చాలామంది ఆ రెండుసార్లు తగ్గడం దగ్గరే పప్పులో కాలేస్తారు. నేను వెయ్యలేదని గర్వంగా కూడా ఉండింది.

నేను పప్పులో కాలేసింది ఇంకో చోట. నా షీట్‌లో ఒక గడి ఉంది. "పక్క సీటు బరువు". అది నింపేటప్పుడు బాబాయ్‌ని అడిగాను కూడా. "దీన్లో నా పక్కన ఎవరెక్కుతార్రా? పిన్ని నడుం నొప్పి అని ఎక్కదు, చెల్లికి సిగ్గు" అని నవ్వాడు. నేను సున్నా కొట్టాను. డిక్కీ లగేజీకి కూడా సున్నా.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. తెనాలిలో తాతయ్య ఇల్లు అమ్మేసినప్పుడు నాన్నకీ బాబాయ్‌కీ మాట పట్టింపు వచ్చింది. గొడవంటే అరుచుకోవడం కాదు. అరుచుకున్నా బాగుండేది. మూడేళ్ళుగా పండగలకి ఫోన్ చేసి "బాగున్నావా" "బాగున్నా" అనుకుని నానమ్మకి ఇచ్చేస్తారు. ఈ మే నెలలో చెల్లి గ్రాడ్యుయేషన్. నానమ్మ పట్టుబట్టి నాన్నని అమెరికా పంపించింది. అమ్మకి వీసా టైముకి రాలేదు, నాకు పరీక్షలు. నాన్న ఒక్కడే వెళ్ళాడు.

బాబాయ్ ఎయిర్‌పోర్ట్‌కి ఎంజీబీ వేసుకుని వెళ్ళాడు. పిన్ని పెద్ద కారు తీసుకెళ్ళమన్నా వినలేదట. చిన్నప్పుడు తాతయ్య స్కూటర్ మీద ముందు బాబాయ్, వెనక నాన్న. అన్నయ్యని తన కారులో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకురావాలని ఉంటుంది కదా. పైకి చెప్పలేదు, అంతే.

నాన్న 78 కిలోలు. 23 కిలోల పెట్టెలు రెండు. ఒకటి డిక్కీలో, ఒకటి డిక్కీ మీది క్యారియర్‌కి తాళ్ళతో కట్టారు. ఈ కారులో సీట్లు వెనక ఇరుసుకి దగ్గరగా ఉంటాయి, పెట్టెల బరువైతే పూర్తిగా వెనకే. అన్నీ కలిపితే ఒక్కో వెనక స్ప్రింగు మీద అదనంగా 48 కిలోలు. ఇదంతా తర్వాత కట్టిన లెక్క.

వాన పడుతోంది. హైవే దిగే చోట గుండ్రంగా తిరిగే ర్యాంప్ మీద, వంతెనా రోడ్డూ కలిసే అతుకు దగ్గర, వెనక నుంచి సుత్తితో కొట్టినట్టు శబ్దం వచ్చిందట. కారు వెనకభాగం పక్కకి జారింది. బాబాయ్ స్టీరింగ్ ఎదురు తిప్పాడు. సగం తిరిగి, పక్కన గడ్డిలో ఆగారు. వెనకాల వేరే బండి లేదు కాబట్టి సరిపోయింది. నాన్న మోచేయి డోరుకి తగిలి వాచింది. అంతకన్నా ఏం కాలేదు.

ఆ రాత్రి నాన్న నాకు ఫోన్ చేశాడు. "మీ బాబాయ్ ఇంకా మారలేదురా. వాడు చేసే దేనికీ లెక్కా పత్రం ఉండదు" అన్నాడు. కాసేపటికి బాబాయ్ మెసేజ్. "స్పీడ్ ఎక్కువ వెళ్ళాను. తప్పు నాదే. నువ్వేం కంగారుపడకు."

లెక్క లేకపోవడం కాదు, ఉన్నదే తప్పు లెక్క. నేను ల్యాప్‌టాప్ తెరిచి ఆ సున్నాలు తీసేసి అసలు అంకెలు పెట్టాను. 48 కిలోలకి వెనకభాగం 33 మిల్లీమీటర్లు కుంగుతుంది. బాబాయ్ ఒక్కడే ఉన్నప్పుడు చక్రం పైకి లేవడానికి 63 మిల్లీమీటర్ల చోటుంది. నాన్న ఎక్కాక మిగిలింది 30. ర్యాంప్ మీద కారు ఒరిగినప్పుడు బయటివైపు చక్రం దాన్ని దాదాపు వాడేసుకుంది. అతుకు తగలగానే ఇరుసు వెళ్ళి రబ్బరు దిమ్మని గుద్దుకుంది. ఆ క్షణం నుంచి అక్కడ స్ప్రింగు లేనట్టే. మెత్తటి కారు ఒక్కసారిగా రాయిలా మారితే, తడి రోడ్డు మీద వెనక టైరు పట్టు వదిలేస్తుంది. మెత్తగా ఉంటే సేఫ్ అనుకున్నాను నేను. చాలినంత చోటు లేని మెత్తదనం సేఫ్ కాదు. ఫ్రీక్వెన్సీ కూడా 1.44 నుంచి 1.28కి పడిపోయింది, అంటే ముందుదానికన్నా తక్కువ. హైవే మీద కారు పడవలా ఊగిందని నాన్న చెప్పిన మాట కూడా నిజమే.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పరీక్షలని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. నిజానికి భయం. చెప్తే నాన్న "చదువు మానేసి ఈ పనులా" అంటాడు. బాబాయ్ మళ్ళీ ఏదీ అడగడు. కానీ చెప్పకపోతే, మూడేళ్ళ తర్వాత తమ్ముడి ఇంటికి వెళ్ళిన మనిషి "వీడు మారలేదు" అనే తిరిగొస్తాడు. అది నా గడిలోని సున్నా వల్ల.

మూడో రోజు రాత్రి రెండింటికి, అక్కడ సాయంత్రం నాలుగున్నర, వీడియో కాల్ చేసి ఇద్దరినీ పిలవమన్నాను. స్క్రీన్ షేర్ చేసి ఆ గడి చూపించాను. "నాన్నా, బాబాయ్ స్పీడ్ కాదు కారణం. పక్కన ఎవరూ కూర్చోరని నేను లెక్క కట్టాను."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత నాన్న, నాతో కాదు, బాబాయ్‌తో అన్నాడు. "మరి నాకెందుకు చెప్పలేదురా, వాడు కట్టిన లెక్కని?"

"పిల్లాడు అన్నయ్యా. వాడి మీదకి తోస్తానా" అన్నాడు బాబాయ్.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, ఇప్పుడేం వెయ్యాలో చెప్పు" అన్నాడు నాతో.

150 వేస్తే బాబాయ్ ఒక్కడే ఉన్నప్పుడు 1.77 హెర్ట్జ్. డెట్రాయిట్ గతుకుల్లో పళ్ళు కదులుతాయి. 125 వేస్తే ఒంటరిగా 1.61, నాన్నా పెట్టెలూ ఉంటే 1.43. రెండు సందర్భాల్లోనూ ముందుదానికన్నా ఎక్కువే. 125 తెప్పించారు. స్ప్రింగు కింద ఉండే రింగు తిప్పితే గట్టిదనం పెరుగుతుందని బాబాయ్ అనుకుంటున్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. రింగు మార్చేది ఎత్తునే, రేటుని కాదు. ఆ ఎత్తు సరిచెయ్యాలంటే బరువు నిజంగా ఎక్కాలి, ఇద్దరూ సీట్లలో కూర్చోవాలి.

అలా ఆ ఆదివారం నాన్న, బాబాయ్ గరాజ్‌లో ఆగి ఉన్న కారులో పక్కపక్కన గంటకు పైగా కూర్చున్నారు. డిక్కీలో పెట్టెలకి బదులు బియ్యం బస్తాలు. చెల్లి టేపు పట్టుకుని చక్రం మీది అంచు దాకా కొలుస్తుంది, నాకు అంకె చెప్తుంది. నేను "ఇంకో రెండు చుట్లు" అంటాను. వాళ్ళిద్దరూ దిగాలి, జాకీ వెయ్యాలి, రింగు తిప్పాలి, మళ్ళీ ఎక్కి కూర్చోవాలి. కదలొద్దని చెప్పాను కాబట్టి కదల్లేదు. మధ్యలో తెనాలి ఇంటి మాట వినపడింది. వెనక పెరట్లో జామచెట్టు ఏ కొమ్మ విరిగిందన్న దాని మీద వాదన. అమ్మకం సంగతి కాదు. నేను మ్యూట్‌లో పెట్టుకుని విన్నాను.

కొలతలు అయిదోసారికి సరిపోయాయి. ఆ సంగతి నేను వెంటనే చెప్పలేదు. ఇంకో రెండుసార్లు కొలిపించాను.

నాన్న తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌కి కూడా ఎంజీబీలోనే వెళ్ళాడు, అదే ర్యాంప్ మీదుగా. "ఎలా ఉంది నాన్నా?" అంటే "కొంచెం గట్టిగా ఉంది, పర్లేదు" అన్నాడు. ఇంటి డబ్బుల సంగతి ఇంకా తేలలేదు. అది నా షీట్‌లో తేలేది కాదు. కానీ ఫోన్ ఇప్పుడు నానమ్మ చేతికి వెళ్ళడానికి పది నిమిషాలు పడుతోంది.

షీట్ ఇంకా నా డ్రైవ్‌లో ఉంది. ఆ గడిలో 78 అని ఉంది. బాబాయ్ ఒక్కడే వెళ్ళే రోజులకి అది ఎక్కువే. అయినా మార్చలేదు.