ఖాళీ బండి వణుకు

మా తమ్ముడు పికప్ తోలతాడు. సెకండ్ హ్యాండ్ బండి, ఫైనాన్స్ మీద కొన్నాడు. చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు వేస్తాడు. సీజన్లో తెల్లారుజామున అదే బండిలో మా పేట ఆడోళ్లు కోతకి పోతారు. అందులో మా అమ్మ కూడా ఉంటది. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదన్న చట్టం నాకూ తెలుసు, వాడికీ తెలుసు. కొడుకు లెక్చరర్ అయినా ఆమె కోతకి పోవడం మానలేదు. అది ఇంకోసారి రాస్తాను.

సంక్రాంతి వెళ్లాక ఒక రాత్రి వాడు ఫోన్ చేశాడు. "అన్నా, హైవే మీద 70 దాటితే వెనక వణుకుద్ది. 80కి పిండిమరలో నిలబడ్డట్టే ఉంటది."

అప్పటికే మూడు షెడ్లు తిరిగాడు. ఒకచోట వీల్ బ్యాలెన్సింగ్ చేశారు. ఇంకోచోట వెనక టైర్లు రెండూ మార్పించారు. మూడోచోట షాకబ్జార్వర్లు మార్చారు. మొత్తం 17 వేలు. వణుకు పోలేదు. ఆఖరికి అన్నమాట ఏందంటే, "నీ తోలుడే సరిగా లేదు. ఖాళీ బండిని అట్లా కొడితే వణకదా?"

నాకు కాలింది అక్కడే. బండి వణికితే డ్రైవరు, పంట పోతే కౌలు రైతు, పరీక్ష తప్పితే పిల్లోడు. నా క్లాసులో చివరి బెంచీల్లో కూర్చున్న మీకు ఈ మాట కొత్తగాదు.

నాకు బండ్ల గురించి ఏమీ తెలీదు. నా పీహెచ్‌డీ తెలుగు సాహిత్యంలో. కానీ పాఠ పరిష్కరణ చదివేటప్పుడు మా గురువుగారు ఒక అలవాటు చేశారు. రెండు తాళపత్ర ప్రతుల్లో పాఠం తేడాగా ఉంటే వెంటనే దిద్దకూడదు. ముందు ఎక్కడెక్కడ తేడా వస్తుందో, ఎక్కడ రావట్లేదో రాసుకోవాలి. మూడు షెడ్లలోనూ దిద్దారే గాని ఎవరూ చదవలేదు. "ఇంక ఏదీ మార్పించమాక, ఆదివారం నేనొస్తున్నా" అన్నాను.

నోటు బుక్కు పట్టుకుని పక్కన కూర్చున్నాను. పేట దాటి గుంటూరు దారి పట్టాం. ట్రాఫిక్ లేనిచోట 80లో ఉండగా క్లచ్ తొక్కి యాక్సిలరేటర్ వదలమన్నాను. ఇంజన్ మోత పడిపోయింది, వణుకు మాత్రం అట్లాగే ఉంది. బండి నెమ్మదించేకొద్దీ తగ్గింది. అంటే ఇంజన్ కాదు, చక్రాలతో పాటు తిరిగే వస్తువేదో. స్టీరింగ్ కదలట్లేదు, వణుకంతా సీటు కింద, నేల మీద. ఒక పంక్చర్ షాపు దగ్గర ఆగి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి వేయించాం. తప్పు టైరుదైతే వణుకు స్టీరింగ్‌లోకి రావాలి గదా. రాలేదు.

తాడుతో టైరు చుట్టుకొలత కొలిస్తే సుమారు 2.2 మీటర్లు. 80 వేగమంటే సెకనుకి 22 మీటర్లు. చక్రం సెకనుకి 10 చుట్లు తిరుగుద్ది. ఇట్లాంటి బండ్లలో చక్రం ఒక చుట్టు తిరిగితే దాన్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు సుమారు 4 చుట్లు తిరుగుద్ది, అంటే సెకనుకి 40. చక్రంలో తేడా ఉంటే ఊయల ఊగినట్టు తెలిసేది. మాకు తెలిసింది సన్నటి జలదరింపు. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన బాటిల్లో నీళ్ల పైన గరుకుగా లేచింది.

అప్పుడు తమ్ముడు మామూలుగా అన్నాడు: "టిక్కీలు ఎత్తితే ఉండదన్నా. ఆడోళ్లు ఎక్కితే కొంచెం ఉంటది. ఖాళీగా వస్తేనే బాగా." ఈ ముక్క మూడు షెడ్లలోనూ చెప్పాడంట. జవాబంతా అందులోనే ఉంది. చెప్పేవాడు డ్రైవరు కాబట్టి విన్నవాళ్లు లేరు.

గుంటూరు ఆటోనగర్లో ఒక ముసలి మెకానిక్ బాయ్ బానెట్ కూడా తెరవలేదు. వెనక నిలబడి బండి ఎత్తు చూశాడు. "కమాన్ పట్టీలు ఎన్ని ఎక్కువ వేయించావు?" రెండు. పోయిన సీజన్లో, టిక్కీలు ఎక్కువ పడతాయని. అప్పట్నుంచి ఖాళీ బండి వెనక నాలుగు వేళ్లు పైకి లేచి ఉంది.

షాఫ్టు చివర్లలో క్రాస్‌లు ఉంటాయి. షాఫ్టు వంకరగా ఉన్నప్పుడు క్రాస్‌కి అవతలి వైపు ఒకే వేగంతో తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు ఉరికి రెండుసార్లు వెనకబడుద్ది. ఒక చివర వచ్చిన ఈ తేడాని రెండో చివర అంతే వంకరతో ఉండి చెరిపేస్తది. వెనక ఎత్తు పెంచితే రెండు వంకరలూ సమానంగా ఉండవు, తేడా మిగిలిపోద్ది. 40 చుట్లకి 80 కుదుపులు. లోడు పడితే పట్టీలు అణిగి షాఫ్టు దాని దారిలోకి వస్తది. ఆడోళ్ల బరువుకి సగం అణుగుద్ది. అంతే.

బాయ్ కిందకి దూరి షాఫ్టు పట్టుకుని ఊపాడు. క్రాస్ దగ్గర గ్రీజు ఎండి ఎర్రటి తుప్పు పొడి రాలింది. సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగింది. "ముందు క్రాస్ ఇరిగితే షాఫ్టు మూతి రోడ్డులో గుచ్చుకుంటది. బండి లేచిపోద్ది" అన్నాడు. నాకు బండి వెనక కూర్చున్న మా అమ్మ కనబడింది. మర్నాడు పేపర్లో వచ్చే 'డ్రైవర్ నిర్లక్ష్యం' అన్న రెండు మాటలూ కనబడ్డాయి.

షాఫ్టు విప్పేముందు గుర్తు పెట్టుకోవాలి, ఉన్నట్టే బిగించకపోతే మళ్లీ వణుకు. నా జేబులో సుద్దముక్క ఉంటే ఇచ్చాను. క్రాస్‌లు, బేరింగ్ మార్చాడు. "యాక్సిల్ కింద ఏటవాలు ప్లేటు పెట్టి పట్టీలు ఉంచొచ్చా బాయ్?" అని తమ్ముడు అడిగాడు. "ఉంచొచ్చు. వణుకు పోద్ది. పట్టీ వేస్తే బ్రేకులు పెరుగుతాయా, టైర్లు పెరుగుతాయా?" అన్నాడాయన.

రెండు పట్టీలూ తీయించాం. తిరుగుదారిలో 80లో బాటిల్ నీళ్లు కదల్లేదు. వాడి మొహంలో మాత్రం సంతోషం లేదు. ట్రిప్పుకి 10 టిక్కీలు తగ్గుతాయి, కిస్తీ తగ్గదు. నరసరావుపేట వైపు మలుపు దగ్గర వ్యాపారి ఫోన్ చేశాడు. రేపు ఎన్ని ఎత్తుకుంటావని. వాడు నా వైపు చూశాడు. స్పీకర్లో అవతల నుంచి "చెప్పరా, ఎన్ని?" అని మళ్లీ వినబడింది.