ముందు ప్లగ్గులు చూడు

ఇంగ్లండ్‌లో వాంటేజ్ ఊరు దాటి వైట్ హార్స్ కొండ ఎక్కే రోడ్డు మీద మా బండి మళ్లీ దగ్గింది. యాక్సిలరేటర్ నొక్కగానే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. కార్బొరేటర్లోంచి టప్పుమని ఎదురుకొట్టింది. ఆ తర్వాత గానీ కదల్లేదు. పైన పచ్చగడ్డి వాలు మీద సుద్దతో తీర్చిన తెల్లగుర్రం మూడు వేల ఏళ్లుగా పరుగెడుతూనే ఉంది. దాని కిందనే బండి ఆపి బానెట్ ఎత్తి నిలబడ్డాను.

బండి 1969 నాటి ఎమ్‌జీబీ. ఇద్దరు కూర్చునే టాపులేని కారు. నేను కాపురముంటున్న ఆబింగ్డన్లోనే పుట్టింది. ఎమ్‌జీ వాళ్లు 1929లో ఈ ఊరికి వచ్చారు. 1980 అక్టోబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 1962లో మొదలుపెట్టి మూతపడే దాకా ఈ ఒక్క రకమే 5 లక్షలకు పైగా చేశారు. 1798 సీసీ ఇంజను, 95 గుర్రాల బలం. ఇంజను పక్కన రెండు ఇత్తడి మూతల ఎస్‌యూ కార్బొరేటర్లు గుడి గంటల్లా పక్కపక్కన నిలబడి ఉంటాయి.

ఆ రెంటికీ అప్పటికే రెండుసార్లు వైద్యం జరిగింది. ఒక షెడ్డులో "మిక్చర్ లీనుగా ఉంది" అని చెప్పి రెండింటి నట్లూ తిప్పి పెట్రోలు పెంచారు. దగ్గు తగ్గలేదు. మళ్లీ తీసుకెళితే ఇంకాస్త పెంచారు. ఈసారి పెట్రోలు వాసన కూడా మొదలైంది.

ఆ రాత్రి రాజమండ్రికి ఫోన్ చేశాను. మా బాబాయి అక్కడ ముప్ఫై ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. తన బండి జబ్బులన్నీ తనే చూసుకునేవాడు. ఆ అంబాసిడర్లోని 1489 సీసీ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్ ఇంజను. మా ఎమ్‌జీబీకి ముందు వచ్చిన ఎమ్‌జీఏలో 1955లో పెట్టిందీ ఆ 1489 సీసీ ఇంజనే. దాన్నే పెంచుతూ వచ్చి 1798 సీసీ చేశారు. అంటే బాబాయి బండీ నా బండీ అన్నదమ్ముల బిడ్డలు.

"కార్బొరేటర్లు విప్పి కడగమంటావా బాబాయ్?"

"విప్పకు అమ్మలూ. ముందు ప్లగ్గులు చూడు. కార్బొరేటర్ మీద చెయ్యి ఆఖర్న పడాలి."

ఎందుకని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. పాయింట్లు అరిగినా, కండెన్సర్ బలహీనపడినా, టైమింగ్ తప్పినా బండి ఇలాగే దగ్గుతుంది, ఇలాగే మిస్సింగ్ కొడుతుంది. నింద మాత్రం కార్బొరేటర్ మీద పడుతుంది. కళ్లెదుట కనిపించేదీ, తిప్పడానికి నట్టు ఉన్నదీ అదే కదా. అందుకని వరస తప్పకూడదు. ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్, వాల్వుల గ్యాపు చూసుకున్నాకే గాలీ పెట్రోలూ. "ఇంకో మాట. ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు కలిపి మార్చావంటే ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో నీకు ఎప్పటికీ తెలీదు."

మర్నాడు పొద్దున్నే నాలుగు ప్లగ్గులూ విప్పి, న్యూస్ పేపరు మీద వరసగా పేర్చి వీడియోలో చూపించాను. ఇంజను సరిగ్గా మండుతుంటే ప్లగ్గు మొన బిస్కెట్టు రంగులో ఉండాలి. ఒకటీ రెండూ పొయ్యి అడుగులా మసిబారి ఉన్నాయి. మూడూ నాలుగూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. బాబాయి కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"పాయింట్లలో తేడా ఉంటే నాలుగూ ఒక్కలా చెడాలి. ఇవి రెండు జట్లుగా విడిపోయాయి. ముందు కార్బొరేటర్ ఏ సిలిండర్లకి?"

"ఒకటి, రెండుకి."

"వెనకది మూడు, నాలుగుకి. తెల్లగా ఉన్నవి అవే. పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి ఎక్కువవుతోంది. జబ్బు వెనకదానికి అమ్మలూ. మందు రెంటికీ పోశారు."

రెండుసార్లు డబ్బు కట్టినా దొరకని జవాబు చదరపు అడుగు కాగితం మీద దొరికింది. అయినా బాబాయి తొందరపడనివ్వలేదు. పాయింట్ల గ్యాపు 15 వెయ్యో వంతుల అంగుళం ఉందో లేదో ఫీలర్ గేజీతో చూడమన్నాడు. ఉంది. ప్లగ్గులు శుభ్రం చేసి గ్యాపు 25కి పెట్టించాడు. టైమింగూ వాల్వులూ చూపించాడు. ఆ తర్వాతే కార్బొరేటర్ దగ్గరికి రానిచ్చాడు.

ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. లండన్లో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టిన జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ కనిపెట్టిన కార్బొరేటర్ ఇది. 1910లో కంపెనీ పెట్టారు, 1926లో దాన్ని విలియం మోరిస్ కొన్నాడు. ఇప్పుడు లోహపు పిస్టన్ ఉన్న చోట మొదటి రోజుల్లో తోలుతిత్తి ఉండేదట. కొలిమి తిత్తిలాంటిదే. చెప్పుల ఇంటివాడికి తోలు తోచడం సహజమే అనిపిస్తుంది. తిత్తి పోయి పిస్టన్ వచ్చినా లోపల జరిగేది ఊపిరి పనే.

ఇంజను గాలి పీల్చినప్పుడు గంటలాంటి ఆ కార్బొరేటర్లోని పిస్టన్ పైకి లేస్తుంది. దాని అడుగున సన్నగా కొసదేరిన సూది ఒకటి పెట్రోలు జెట్టులోకి దిగి ఉంటుంది. పిస్టన్ లేచిన కొద్దీ సూది పైకొస్తుంది, దాని చుట్టూ సందు పెరుగుతుంది. గాలి ఎంత పెరిగితే పెట్రోలు అంత పెరుగుతుంది. ఇంజను ఎంత అడిగితే అంతే వడ్డన. పిస్టన్ గొట్టంలో ఇంత పల్చటి ఆయిలు కూడా పోస్తారు. మనం ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఆ ఆయిలు పిస్టన్‌ను ఎగిరిపోకుండా పట్టి ఆపుతుంది. ఆ రెప్పపాటులో జెట్టు మీద పీల్పు పెరిగి పెట్రోలు కాస్త ఎక్కువ వస్తుంది. బండికి పికప్ అందేది అక్కడే. ఆ ఆయిలు ఇంకిపోతే నొక్కగానే బండి తడబడుతుంది.

ఇత్తడి మూతలు విప్పి చూస్తే రెండు గొట్టాలూ ఎండిపోయి ఉన్నాయి. 20 నంబరు ఆయిలు పోసి నడిపాను. తడబాటు సగం తగ్గింది. ఎదురుకొట్టడం తగ్గలేదు. ఒక్కటే మార్చాను కాబట్టి ఏ సగం దేనివల్ల తగ్గిందో తెలిసింది. తర్వాత పిస్టన్లను ఒక్కోదాన్నీ వేలితో ఎత్తి వదిలాను. అడ్డం లేకుండా దిగి అడుగున టక్కుమని తగలాలి. ముందుది టక్. వెనకదీ టక్. సూది రాసుకోవడం లేదన్నమాట. కార్బొరేటర్ పక్కనుండే తొట్టిలో పెట్రోలూ సరిపడా ఉంది. ఇక మిగిలింది గాలి.

"ఆయిల్ క్యాన్ తెచ్చుకో. ఇంజను స్లోలో పెట్టు. వెనక కార్బొరేటర్ ఇంజనుకి అతుక్కునే చోట అతుకు పొడుగునా ఒక్కో చుక్క వెయ్యి. చెవి ఇంజను మీదే పెట్టు."

ఎమ్‌జీబీలో కార్బొరేటర్ల కిందనే కాలే ఎగ్జాస్టు ఉంటుంది. చుక్క జారకుండా మెల్లిగా వేస్తూ వచ్చాను. పై అంచున ఏమీ లేదు. పక్కన ఏమీ లేదు. కింది మూలకు వచ్చేసరికి ఆయిల్ చుక్క చప్పున లోపలికి మాయమైంది. అప్పటిదాకా ఊగిసలాడుతున్న ఇంజను చప్పుడు ఒక్క క్షణం నిలకడగా వినిపించింది. మళ్లీ మొదటికొచ్చింది.

"విన్నావా?" ఫోన్లో బాబాయి గొంతు పెద్దదైంది. "అక్కడే గాలి లాగుతోంది!"

విప్పి చూస్తే పేపరు ప్యాకింగు కింది మూల చిరిగి ఉంది. ఎప్పుడో ఎవరో కార్బొరేటర్ దించి, పాత ప్యాకింగునే మళ్లీ పెట్టి బిగించారు. గోరంత చిరుగు. లెక్కలో లేని గాలి అందులోంచి దూరి మూడు, నాలుగు సిలిండర్లలో మిక్చర్‌ను పలచన చేసింది. అక్కడ పెట్రోలు చాల్లేదని రెంటికీ పెంచితే ఒకటీ రెండూ మసిబారాయి. షెడ్డువాళ్లు తిప్పిన నట్టు మంచిదే, చేసిన పని తెలిసిన పనే. ఎవరికి జబ్బో అడగలేదు, అంతే. జబ్బు బండిదైనా మనిషిదైనా ఆ ప్రశ్న ముందు పడాలని నాకు గట్టిగా అనిపించింది.

కొత్త ప్యాకింగులు వేసి రెండు కార్బొరేటర్లనూ మొదటి నుంచి కూర్చుకున్నాను. జెట్టు నట్టుకు ఆరు ముఖాలు. పూర్తిగా పైకి బిగించి, పన్నెండు ముఖాలు, అంటే రెండు చుట్లు, కిందికి దించితే మొదలుపెట్టే చోటు. రెంటినీ కలిపే క్లిప్పులు వదులు చేసి, రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస ఒక్కో కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టి విన్నాను. ముందుది ముసలాయన నిద్రలా బరువుగా బుసకొడుతోంది. వెనకది సన్నగా ఈల వేస్తోంది. రెండూ ఒకే శ్రుతికి వచ్చేదాకా స్క్రూలు జరిపి క్లిప్పులు బిగించాను.

ఆఖరి పరీక్ష నాకు అన్నిటికన్నా ఇష్టం. కార్బొరేటర్ కింద చిన్న పిన్ను ఉంటుంది. దాంతో పిస్టన్‌ను అంగుళంలో 32వ వంతు మాత్రం పైకి నెట్టాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. కొద్దిగా లేచి మళ్లీ కుదుటపడితే సరి. ఒక్కో ముఖం తిప్పడం, పిన్ను ఎత్తడం, వినడం. ముప్పావు గంట పట్టింది. రెండూ కొద్దిగా లేచి కుదుటపడ్డాయి.

సాయంత్రం ఇంజను చల్లారాక, ఫోన్ బానెట్ కింద పెట్టి తాళం తిప్పాను. టిక్ టిక్ టిక్ అని వెనక నుంచి చప్పుడు.

"అదేంటి అమ్మలూ?"

"పెట్రోలు పంపు బాబాయ్. కరెంటుది. తొట్లు రెండూ నిండితే తనే ఆగుతుంది. ఆగకపోతే ఎక్కడో కారుతోందని గుర్తు."

టిక్కులు నెమ్మదించి ఆగాయి.

"నా బండికి అది లేదు. మంచి ఏర్పాటు," అన్నాడు.

స్టార్ట్ చేశాను. పికప్ ఇవ్వమన్నాడు. ఇచ్చాను. మళ్లీ ఇవ్వమన్నాడు. తడబాటు లేకుండా గొంతు పైకి లేచింది. పదిహేనేళ్ల కిందట బాబాయి తన అంబాసిడర్ అమ్మేసిన రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదని పిన్ని చెప్పడం నాకు గుర్తొచ్చింది. ఇంజను ఆపబోతుంటే వారించాడు.

"స్లోలో పెట్టి వదిలెయ్ అమ్మలూ. కాసేపు విననీ."