కేకుకీ రాటలు కావాలి

అంతస్తుల కేకు చూడగానే ఎవరికైనా పైనున్న పూలే కనిపిస్తాయి. దాన్ని నిలబెట్టేవి మాత్రం లోపల దాక్కున్న పుల్లలు.

మా అక్క కూతురి రిసెప్షన్ మే నెలలో, గుంటూరులో. బావగారు పోయాక అక్క ఒక్కతే ఆ పిల్లను పెంచింది. పెళ్ళి పనులన్నీ కూడా తన నెత్తినే వేసుకుంది. "పిన్నీ, కేకు నువ్వే చెయ్యాలి" అని పిల్ల అడిగితే, అక్కకి ఒక ఖర్చూ ఒక బెంగా తగ్గుతాయి కదా అని ఒప్పుకున్నాను. మూడు అంతస్తులు: 12, 9, 6 అంగుళాలు.

కేకు మెత్తనిది. దాని మీద ఇంకో కేకు నేరుగా పెడితే పైది దిగబడుతుంది, కిందది పక్కలకి ఉబ్బి క్రీము పగులుతుంది. అందుకే ప్రతి అంతస్తుకీ అడుగున దాని కొలతకే కోసిన గట్టి అట్ట ఉండాలి. కింది కేకులో పుల్లలు దించి, పై కేకు అట్టను వాటి మీద ఆనించాలి. అప్పుడు బరువు కేకు మీద పడదు. పుల్లల గుండా అడుగు పలకకి వెళ్ళిపోతుంది.

కేకు సామాన్ల షాపులో డోవెల్స్ అంటే ఇస్తారు. ఒక పుల్లను అడుగు తగిలేదాకా గుచ్చి, క్రీముతో సమంగా గుర్తు పెట్టుకుని, మిగతావన్నీ ఆ కొలతకే కోశాను. ఒక్కటి పొట్టిదైనా పై కేకు వంగుతుంది. 12 అంగుళాల దానిలో ఆరు, 9 అంగుళాల దానిలో నాలుగు. పై అట్ట అంచుకి ఒక అంగుళం లోపలగా, గుండ్రంగా గుచ్చాను.

మా అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, "కేకులో కర్రలేమిటమ్మా?" అన్నారు. చెప్పాను. "అయితే దీనికీ పందిరి రాటలు వేస్తున్నావన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నిజమే. 1947లో ఇంగ్లండు యువరాణి ఎలిజబెత్ పెళ్ళి కేకు 9 అడుగుల ఎత్తు, నాలుగు అంతస్తులు. దానికీ అంతస్తుల మధ్య స్తంభాలే.

రాత్రంతా ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక, విడివిడి పెట్టెల్లో, ఏసీ కారులో విజయవాడ నుంచి తీసుకెళ్ళి హాల్లోనే పేర్చాను. పేర్చి తీసుకెళ్ళాలంటే అన్ని అట్టల నడుమ గుండా ఒక పొడవాటి పుల్ల దించాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు జారిపోతాయి.

అక్క అక్కడా పరుగులే. మెత్తనివాళ్ళ మీదే బరువంతా మోపడం మన ఇళ్ళలో అలవాటు. మోస్తున్నారుగా అని చూస్తూ ఉంటాం, దిగబడేదాకా. అందుకే ఆ పూట భోజనాలు తమ్ముడికి, తాంబూలాలు మరదలికి, వచ్చేవాళ్ళ పలకరింపులు మావారికి అప్పజెప్పి, అక్కని కూతురి పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను.

కేకు కోసేటప్పుడు పది పుల్లలూ లెక్క చూసి తీశాకే ముక్కలు పంచాను. మీరు చేసినా, కోసేవాళ్ళకి ఆ లెక్క ముందే చెప్పండి.

మొదటి ముక్క అక్కకే. కూర్చునే తింది.