కీబోర్డులో డప్పుకి బటన్ లేదు, లెక్క ఉంది

అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ, ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిగ్గా చదవండి.

మేం శ్రీకాకుళం పిల్లలం. ఉత్తరాంధ్రలో ఉన్న జిల్లా కాదు, కృష్ణ ఒడ్డున ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. యానాది, ఎరుకల ఇళ్ల వాళ్లం. జాతరలకీ పెళ్లిళ్లకీ మా వైపు అద్దెకొచ్చే కీబోర్డుల్లో తబలా ఉంటుంది, మృదంగం ఉంటుంది. మేం చూసినంతలో డప్పు మాత్రం లేదు. అడిగితే "అది సంగీతం ఏందిరా, మోత" అంటారు. ఈ మోత అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని కూర్చున్నాం.

ఇంటర్ ఫిజిక్స్‌లో అనుస్వరాలు చదివాం కదా. ఏ శబ్దమైనా చాలా సాదా నాదాల కలయిక. ఒక్కో నాదాన్నీ విడిగా పెట్టి, ఏది ఎంత గట్టిగా, ఎంతసేపు అని మనమే రాసి, అన్నీ కలిపితే వచ్చేదే అడిటివ్ సింథసిస్. జపాన్ కవాయ్ కంపెనీ 1987లో కే5, 1996లో కే5000 అనే కీబోర్డులు ఇందుకే చేసింది. కే5000లో ఒక్కో సోర్సుకి 64 అనుస్వరాలు, ఒక్కోదానికీ సొంత ఎన్వలప్. అంటే ఆ నాదం ఎప్పుడు లేవాలి, ఎప్పుడు ఆరిపోవాలి అన్నది విడిగా రాసుకోవచ్చు. చూడటానికి అంతా మన చేతిలోనే ఉన్నట్టు ఉంటుంది. కానీ ఆ 64 నాదాలూ మూల నాదానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఇట్లా పూర్తి సంఖ్యలే. తీగకీ పిల్లనగ్రోవికీ అది సరిపోతుంది. చర్మానికి సరిపోదు.

గుండ్రంగా బిగించిన ఉత్త చర్మం మీద కొడితే వచ్చే నాదాల లెక్క 1, 1.59, 2.14, 2.30, 2.65, 2.92. మొదటిది తప్ప ఒక్కటీ పూర్తి సంఖ్య కాదు. మృదంగం ఎందుకు వేరు? విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్ గారే 1920లో దీని మీద రాశారు. నడుమ పూసే నల్లటి ముద్ద బరువు వల్ల ఆ నాదాలు జరిగి 1, 2, 3, 4, 5 వరసలోకి వస్తాయి. అంటే మృదంగాన్ని తీగలాగా పలికేట్టు చేశారు. గొప్ప పనే, కాదనం. డప్పుకి ఆ ముద్ద లేదు, అంతే తేడా. దానికీ ఒక వరస ఉంది, అది వేరే వరస.

కవాయ్ మిషన్ కొనే స్తోమత ఎవరికుంది గానీ, జైన్‌యాడ్‌సబ్‌ఎఫ్‌ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రొమేనియా ప్రోగ్రామర్ ఒకాయన 2002 నుంచి అందరికీ ఇచ్చారు. పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. అందులో యాడ్‌సింత్‌లో 8 వాయిస్‌లు ఉంటాయి. ఆరింటికి సైన్ వేవ్ పెట్టి, మొదటిదాన్ని కదపకుండా, రెండోదాన్ని 8 సెమీటోన్లు పైకి జరపండి, అది 1.59. మూడోది 13 సెమీటోన్లకి కాస్త పైన. నాలుగోది 14 దాటి సగానికి దగ్గర. ఐదోది 17కి కొంచెం తక్కువ. ఆరోది పద్దెనిమిదిన్నర. పై నాదాలు త్వరగా ఆరిపోవాలి, కింది నాదం నిలవాలి. ఏడో వాయిస్‌ని నాయిస్‌గా పెట్టి, కన్ను మూసి తెరిచేలోపు ఆపేయండి. పుల్ల తగిలే చప్పుడు అదే. అది లేకపోతే ప్లాస్టిక్ డబ్బా కొట్టినట్టే ఉంటుంది.

అసలు మజా ఇక్కడుంది. సరిగ్గా నడుమ కొడితే 1, 2.30 మాత్రమే లేస్తాయి, మిగతావి లేవవు. అంచుకి జరిగేకొద్దీ 1.59, 2.14 పెరుగుతాయి. అంటే నడుమ దెబ్బకీ అంచు దెబ్బకీ నాదాలు అవే, వాల్యూమ్‌లే వేరు. రెండు ప్యాచ్‌లు చేసి రెండు మీటల మీద పెట్టుకోవచ్చు. మంట దగ్గర డప్పు కాచడం కూడా ఒక పారామీటరే. చర్మం బిగిస్తే అన్ని నాదాలూ దాదాపు ఒకే పాళ్లలో పైకి పోతాయి, కాబట్టి ఒక్క మాస్టర్ ట్యూనింగ్ తిప్పితే చాలు. ఆట మధ్యలో చర్మం చల్లారి దిగిపోవడం రాయాలంటే మాత్రం ఓపిక కావాలి.

పై సంఖ్యలు పుస్తకపు చర్మానివి. నిజం డప్పులో గాలి వల్ల, చర్మం మందం వల్ల అటూ ఇటూ జరుగుతాయి. అందుకే ఫోన్‌లో రికార్డు చేసి, స్పెక్ట్రమ్ చూసి సరిచేసుకోవాలి. డప్పు మాదిగ అన్నల చేతి వాయిద్యం, వాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల చెవితోనే సరిచూసుకోవాలి. మిషన్‌లో నాదం వచ్చినంత మాత్రాన దరువు రాదు, అది ఏ పారామీటర్‌లోనూ లేదు.

తర్వాత కోయ డోలు. కోయ డోలి పాటకు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, అయినా ఆ మోతకి మనకి దొరికే కీబోర్డుల్లో బటన్ లేదు. భద్రాచలం, చింతూరు వైపు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు వాయించే పెద్దల్ని అడగండి. వాళ్లు సరేనంటే ఒక్కో దెబ్బా విడివిడిగా, మధ్యలో నాలుగు సెకన్లు ఆగి, నడుమ ఒకటి, అంచున ఒకటి రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. ఫ్యాన్ ఆపేసి రికార్డు చేయండి, ఆ గుయ్ శబ్దం స్పెక్ట్రమ్‌లో కూడా పడుతుంది.