సీటు ఇంగ్లిష్‌లో... బతుకు జర్మన్‌లో!

డిసెంబరు చలి. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయింది. జర్మనీలో ఎల్బ్ నది ఒడ్డునున్న మాగ్డెబర్గ్ పట్టణం. హాస్టల్ గదిలో ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని కూర్చుంది. బేకరీ నుంచి వచ్చిన మెయిల్ మొత్తం జర్మనే. అనువాదం చేసుకుంటే సంగతి తెలిసింది... 'మీకు భాష రాదు కనుక పార్ట్‌టైమ్ పనికి తీసుకోలేం' అని. అలా కాదనడం అది నాలుగోసారి.

వరంగల్ దగ్గర చిన్న పల్లె ఆమెది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదని తెలిసి ఎమ్మెస్‌కి వెళ్లింది. ఫీజు లేకపోయినా, వీసా కావాలంటే ఏడాది ఖర్చుల డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే వేసి చూపించాలి. ఆమె దరఖాస్తు చేసిన 2024 వేసవిలో అది 11,208 యూరోలు. ఆ సెప్టెంబరులోనే 11,904కి పెరిగింది. నాన్న రెండెకరాలు తాకట్టు పెట్టాడు. మొదటి ఏడాది ఎలాగో గడుస్తుంది. మరి రెండో ఏడాది?

జర్మన్‌లో బోధించే కోర్సులకైతే టెస్ట్‌డాఫ్, డీఎస్‌హెచ్ లాంటి పరీక్షలు గట్టెక్కాలి. ఈమె కోర్సు ఇంగ్లిష్‌లో. ఐఈఎల్‌టీఎస్ సరిపోయింది. 'ఇంక జర్మన్ ఎందుకు?' అనుకుంది. క్లాసులో అవసరం రాలేదు. క్లాసు దాటితే అన్నీ జర్మన్‌లోనే!

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేసింది. అమ్మ అంతా విని ఒకటే మాటంది.

"ఇంటర్ల చేరినప్పుడు గూడ గిట్లనే ఏడ్చినవ్ బిడ్డా. ఇంగ్లిష్ రాదు, కాలేజీకి పోనన్నవ్. ఇప్పుడు గా ఇంగ్లిష్‌లనే కద సదువుతున్నవ్!"

మర్నాడే సాయంత్రం క్లాసుల్లో చేరింది. ఏ1 నుంచి మొదలు. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ ఓ లింగం. అమ్మాయి అనడానికి వాళ్లు వాడే 'మేడ్‌షెన్' నపుంసకలింగమట! క్లాసంతా నవ్వింది. ఆమెకి మాత్రం వింతనిపించలేదు. మనకూ 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' ఒకటే కదా! 'వైల్' అంటే 'ఎందుకంటే'. ఆ మాట తర్వాత క్రియ వాక్యం చివరికి పోతుంది. ఇంగ్లిష్ అలవాటు తడబడేచోట తెలుగే చెయ్యి పట్టుకుని నడిపించింది. ఇరవై ఒకటిని 'ఒకటీ ఇరవై' అని తిరగేసి చెప్పడం మాత్రం చాన్నాళ్లు ఏడిపించింది.

2025లో మళ్లీ చలికాలం వచ్చేసరికి ఏ2 పూర్తయింది. అదే బేకరీకి వెళ్లింది. తప్పులతోనే మాట్లాడింది. యజమానురాలు ఒకట్రెండుచోట్ల సరిదిద్ది, శనివారం నుంచి రమ్మంది. విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేసుకోవచ్చు. ఆ లెక్క చూసుకుంటూ చదువుకుంటోంది. పొలం ఇంకా తాకట్టులోనే ఉంది. నెలనెలా కొంత డబ్బు మాత్రం ఇంటికి వెళ్తోంది.

ఇప్పుడు ఊరి నుంచి పిల్లలు ఫోన్ చేసి, "కోర్సు ఇంగ్లిష్‌లనే కదక్కా, జర్మన్ గూడ నేర్వాల్నా?" అని అడుగుతుంటారు. ఆమె ఎదురు ప్రశ్న వేస్తుంది.

"రోజుకి క్లాసుల ఎన్ని గంటలుంటవ్? మిగతా గంటలు యాడుంటవ్?"