మావాడి సైకిలుకి కొత్త ఫోర్కు

సైకిలు ఫ్రేము విరిగితే ప్రయాణం ఆగుతుంది. ముందు ఫోర్కు విరిగితే మనిషి మొహం నేలకి కొట్టుకుంటుంది. ఈ మాట నాది కాదు, మా నాన్నది. తెనాలిలో 38 ఏళ్లు సైకిల్ షాపు నడిపిన మనిషి ఆయన. లాక్‌డౌన్‌లో మూసిన ఆ షాపు షట్టరు మళ్లీ లేవలేదు. అప్పట్నుంచీ ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా" అనడం, ఫోను అమ్మకిచ్చేయడం, అంతే.

మేముండేది కాలిఫోర్నియాలో. మా పెళ్లయిన కొత్తలో మావారు ఓ గరాజ్ సేల్‌లో పాత మౌంటెన్ బైకు కొన్నారు. 1990ల మొదటినాటిది, ఉక్కు ఫ్రేము, 26 అంగుళాల చక్రాలు. పదహారేళ్ల మావాడు ఇప్పుడు దాన్ని కొండదారుల్లో తిప్పుతున్నాడు. మొన్నామధ్య ఫుట్‌పాత్ అంచుకి కొట్టేశాడు. దేవుడి దయవల్ల వాడికి ఏమీ కాలేదుగానీ ఫోర్కు వెనక్కి వంగిపోయింది. "ఇంత పాతదానికి ఖర్చెందుకు, కొత్తది కొనుక్కోండి" అన్నారు ఇక్కడి షాపువాళ్లు. నేను నాన్నకి వీడియో కాల్ చేశాను.

ఆయన ముందు ఫోర్కు చూడలేదు. "హ్యాండిల్ కింద రెండు గొట్టాలు కలిసే చోట, కిందివైపు వేలితో రాయమ్మా. ఎక్కడన్నా ముడత తగుల్తోందా? రంగు పగిలిందా?" అన్నారు. ఎదురుదెబ్బ తగిలితే ఫ్రేము ముందుగా లొంగేది అక్కడే. వేలికి నున్నగానే తగిలింది. "అయితే ఫ్రేము బతికే ఉంది" అన్నారు.

"తాతయ్యా, ఈ ఫోర్కునే నిటారు చేయలేమా?" అనడిగాడు మావాడు. "పాలక్యాను సైకిళ్లకి బోలెడు చేశాన్రా. నువ్వు కొండ దిగేవాడివి. ఒకసారి వంగిన ఉక్కుని మళ్లీ వంచితే లోపల ఎక్కడ చీలుతుందో కంటికి కనపడదు. వద్దు."

అసలు పేచీ ఆ తర్వాత వచ్చింది. మావాడికి స్ప్రింగుల్లా కుంగే సస్పెన్షన్ ఫోర్కు కావాలి. నాన్న టేపు తీసుకుని కొలవమన్నారు. ఇరుసు నుంచి ఫోర్కు భుజం దాకా పాతది సుమారు 41 సెంటీమీటర్లు. అదీ, వంగింది కాబట్టి కాళ్ల వంపు కూడా లెక్కలో కలుపుకుంటే. మావాడు ఎంచుకున్నది 47. "ఆరు సెంటీమీటర్లు ముందువైపు లేస్తే నీ సైకిలు వెనక్కి వాలి కూర్చుంటుంది. హ్యాండిల్ మెల్లగా తిరిగేచోట అటూ ఇటూ పడిపోతూ ఉంటుంది. పైగా అంత పొడుగు ఫోర్కు గడ్డపారలా పనిచేసి, ఇందాక వేలు పెట్టామే, ఆ అతుకునే పెకలిస్తుంది" అన్నారు. రెండు సెంటీమీటర్లకి సుమారు ఒక డిగ్రీ చొప్పున హ్యాండిల్ గొట్టం కోణం మారుతుందట. ఆరింటికి మూడు డిగ్రీలు.

మావాడు మొహం ముడుచుకున్నాడు. అప్పుడు నేను వాణ్ణి పక్కన కూర్చోబెట్టి వాళ్ల ఊరి కథే చెప్పాను. మౌంటెన్ బైకు పుట్టింది మాకు దగ్గర్లోని మరిన్ కౌంటీ కొండల్లోనే. 1976లో అక్కడి కుర్రాళ్లు పాత ఉక్కు సైకిళ్ల మీద ఓ మట్టిదారిలో పందేలు మొదలెట్టారు. ఆ దారి పేరు రీప్యాక్. ఒక్కసారి దిగేసరికి వెనక చక్రం బ్రేకులో గ్రీజు కాలిపోయేది, మళ్లీ కూరుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ పేరు. ఆ కుర్రాళ్లలో ఒకడైన జో బ్రీజ్ 1977లో కొండల కోసమే ఫ్రేము కట్టాడు. దానికి కుంగే ఫోర్కు లేదు. మావాడు మారుమాట్లాడకుండా కుంగని ఉక్కు ఫోర్కే ఆర్డరు పెట్టాడు.

పాతదానికి మరలున్న మెడ, కొత్తదానికి మరలు లేని మెడ. మెడ లావు రెండింటికీ ఒకటే, అంగుళంంబావుకి కాస్త తక్కువ, 28.6 మిల్లీమీటర్లు. కాబట్టి ఫ్రేములో పడుతుంది. కానీ బేరింగు కప్పులు, హ్యాండిల్ పట్టుకునే స్టెమ్ మారాలి. ఈ రోజుల్లో ఎక్కువగా వచ్చే, కింద లావుగా ఉండే మెడలైతే ఈ ఫ్రేములో దూరనే దూరవు. బ్రేకులు బిగించే మేకులు ఫోర్కుకి ఉన్నాయో లేదో కూడా చూసుకున్నాం. మాది రిమ్ము బ్రేకు మరి.

మాకు శనివారం ఉదయం, ఆయనకి రాత్రి. ఫోను అల్మరాకి ఆనించి పని మొదలెట్టాం. పాత కప్పుల్ని లోపల్నుంచి రాడ్డు పెట్టి, ఈ పక్కో దెబ్బ, ఆ పక్కో దెబ్బ కొట్టి ఊడదీశాం. కొత్తవాటిని మాత్రం సుత్తితో కొట్టనివ్వలేదు. మరలున్న పొడుగు రాడ్డు, రెండు నట్లు, వాషర్లు పెట్టి పానాతో మెల్లగా లోపలికి నొక్కించారు. ఫోర్కు భుజం మీద కూర్చునే రింగుని పీవీసీ గొట్టంతో దించాం. మెడ కోసేముందు "రెండుసార్లు కొలవండి" అని నాలుగుసార్లు కొలిపించారు. స్టెమ్ పై అంచుకి మూడు మిల్లీమీటర్లు కిందకుండేలా కోసి, అంచుని ఆకురాయితో నున్న చేశాం.

చివర్లో వరస ముఖ్యం. ముందు పై మూత బోల్టుతో బేరింగుల వదులు తీయాలి, ఆ తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు బిగించాలి. ముందు బ్రేకు పట్టి సైకిలుని ముందుకీ వెనక్కీ ఊపితే టకటకమనకూడదు. ముందు చక్రం పైకెత్తితే హ్యాండిల్ దానంతటదే పక్కకి వాలాలి. మొదటిసారి టకటకమంది. "ఆగు, విననీ" అని నాన్న ఫోనుని చెవికి ఆనించుకున్నారు. మాకు తెరమీద ఆయన తెల్లజుట్టే కనిపించింది. "పాతిక వంతు తిప్పు. చాలు."

అమ్మ తర్వాత ఫోన్ చేసి, ఆ రాత్రి ఆయన పన్నెండు దాటినా పడుకోలేదని, పాత పానాలు దించి తుడుచుకుంటూ కూర్చున్నారని చెప్పింది. ఇప్పుడు మావాడు నాతో చెప్పకుండానే తాతకి ఫోన్ చేస్తున్నాడు. తెలుగు తడబడుతుంది, పానా, గ్రీజు, బెండు అన్న మాటలు మాత్రం స్పష్టంగా వస్తున్నాయి. వారం తిరిగాక బోల్టులు మళ్లీ చూడాలని తాత ఆర్డరు. వచ్చే శనివారం వెనక చక్రం బెండు తీయడమట. దానికి బెండేమీ ఉన్నట్టు నాకైతే కనపడలేదు.