చీకటిలో కనబడు వెలుగు: నవోషిమా ద్వీపయాత్ర

జపాను దేశమున హొన్షూ, షికోకు ద్వీపముల నడుమ సెతో అంతస్సముద్రము కలదు. అందలి చిన్న ద్వీపములలో నవోషిమా యొకటి. ఉనో రేవునుండి పడవలో ఇరువది నిమిషముల ప్రయాణము. 1917లో నిచ్చట రాగిని కరగించు కర్మాగారము వెలసెను. జనులకు బ్రదుకుతెరువు దొరకెను గాని, దాని పొగ సోకి ఉత్తరపు కొండలు బోడులయ్యెను. కాలక్రమమున యువజనము పట్టణములకు తరలిపోగా అనేక గృహములు పాడువడెను. అట్టి యిండ్లను, స్థలములను హొన్మురా గ్రామమున 1998 మొదలు కళాగృహములుగ మార్చుచున్నారు.

వానిలో మొదటిది కదోయా యను పాతయిల్లు. దాని నట్టింట నీటిమడుగు. అందు మినుకుమినుకుమను 125 అంకెల దీపములు. ఒక్కొక్కదాని వేగమును గ్రామస్థు లొక్కొక్కరు నిర్ణయించిరి.

సోదరీమణులారా! మేము ముఖ్యముగ చూడగోరినది మినామిదెరా. ఆ పేరునకు దక్షిణాలయమని యర్థము. పూర్వ మచ్చట నిజముగనే దేవాలయముండెను. ఆ స్థలమున తదావో ఆండోయను శిల్పి, కాల్చిన దేవదారు పలకలతో 1999లో నొక మందిరము నిర్మించెను. లోపలి రచన అమెరికా దేశీయుడగు జేమ్స్ టరెల్‌ది. అందు చిత్తరువులు లేవు, బొమ్మలు లేవు. వెలుగే యాతని రంగు, వెలుగే యాతని కుంచె.

లోపల కన్ను పొడుచుకొన్నను కానరాని చీకటి. గోడ తడవుకొనుచు నడువవలెను. మా పిన్నిగారు గుమ్మముకడనే జంకి, "నే నిక్కడ కూర్చుందునమ్మా, మీరు చూచి రండి" అనిరి. చేయి పట్టుకొని తీసికొనిపోయితిమి. బల్లపై కూర్చుండి కొన్ని నిమిషములు వేచియుండగా, ఎదుట బూడిదరంగున చతురస్రాకార మొకటి మెల్లగ పొడసూపెను. పిన్నిగారు, "దీప మిప్పుడు వెలిగించిరి కాబోలు" అనిరి. మార్గదర్శకురాలు నవ్వి, "లేదమ్మా, మీరు వచ్చినప్పుడును అంతే వెలుగున్నది, మారినవి మీ కన్నులే" అనెను. దగ్గరకేగి చేయి చాచగా నచ్చట గోడయే లేదు, శూన్యము! గుమ్మమున జంకిన పిన్నిగారే మాకంటె ముందు లేచి, అచ్చటికి నడచిరి.

ఇందు మాయ లేదు. మన కంటిలో మసకవెలుతురును గ్రహించు కణములు సుమారు 12 కోట్లు కలవు. వానియందలి రోడాప్సిన్ అను పదార్థము వెలుతురున చెదరి, చీకటిలో మరల కూడుకొనును. అది పూర్తిగ కూడుకొనుటకు అరగంట కావలెను. తొందరపడి వెలుపలికి వచ్చువారి కచ్చట చీకటియే మిగులును.

ఆ పదార్థము తయారగుటకు 'ఏ' విటమిను ఆవశ్యకము. అది కొరవడిన బిడ్డలకు రేచీకటి కలుగును. మునగాకు, తోటకూర, బొప్పాయి, గ్రుడ్లు దీనికి మంచి యాహారములు. సందెవేళ గడప తన్నుకొని పడు బిడ్డను "కన్నులు లేవా?" యని గసరక వైద్యునకు చూపుడు. మన కగపడు వెలుగు వాని కగపడకపోవచ్చును.